ఆన్ హచిన్సన్ పుట్టినింటి చరిత్ర
(కుటుంబ చరిత్ర వెదకువారికి ఒక పాఠము)

చదువవలసిన వాక్యభాగములు: ఎజ్రా 2:59–63, మత్తయి 1:1–16, అపొస్తలుల కార్యములు 18:24–26, 2 తిమోతి 1:3–5.



బైబిలులో వంశావళులు వచ్చినప్పుడు మనలో చాలామంది ఆ పేజీలు త్రిప్పివేస్తాము. పేర్ల వెంట పేర్లు, నోరు తిరగని పేర్లు. అయితే ఎజ్రా రెండవ అధ్యాయము చూడండి. చెరలోనుండి తిరిగి వచ్చినవారిలో కొందరు తమ వంశావళిని పుస్తకములో వెదకినారు, అది కనబడలేదు. అందుచేత యాజకత్వము చేయుటకు వారికి అడ్డు వచ్చింది. ఊరు విడిచి దూరదేశములో బ్రదికిన జనులకు రిజిష్టరు ఎంత అవసరమో ఆ ఒక్క సంగతి చెప్పుతున్నది. మత్తయి మొదటి అధ్యాయములో మరియొక సంగతి ఉన్నది. తండ్రుల పేర్లు వరుసగా నడుస్తుండగా మధ్యలో తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య కనబడుతారు. నాలుగవ ఆమెను భర్త పేరుతోనే చెప్పినారు. స్త్రీల పేర్లు లెక్కలో నిలుచుట ఆనాటినుండి అరుదే.

ఈ పాఠములో సుమారు 400 సంవత్సరముల క్రిందటి ఒక స్త్రీని తీసుకుందాము. ఆమె ఆన్ హచిన్సన్. ఆమె కుటుంబ చరిత్రను ఏయే కాగితముల ద్వారా కనుగొన్నారో చూచిన యెడల మన కుటుంబముల చరిత్రను ఎట్లు వెదకవలెనో కూడ తెలుస్తుంది.

ప్యూరిటనులు ఎవరు?

ఇంగ్లండు దేశపు సంఘములో రోమను ఆచారములు ఇంకను మిగిలి ఉన్నవనియు, వాటిని తీసివేసి సంఘమును శుద్ధి చేయవలెననియు కోరినవారిని ప్యూరిటనులు అన్నారు. రాజు, బిషపులు వారిని అణచినందున 1630 మొదలు 1640 వరకు సుమారు 20 వేలమంది సముద్రము దాటి న్యూ ఇంగ్లండుకు వెళ్లినారు. మసాచుసెట్స్ వారి ముఖ్య స్థలము. వీరు బాప్తిస్టులు కారు. శిశువులకు బాప్తిస్మమిచ్చేవారు. తమ మనస్సాక్షికి స్వేచ్ఛ కావలెనని ఓడ ఎక్కినవారే తమతో ఏకీభవింపనివారికి ఆ స్వేచ్ఛ ఇవ్వలేదు. శిశు బాప్తిస్మమును ఎదిరించువారిని వెళ్లగొట్టుటకు 1644లో చట్టము కూడ చేశారు.

మొదటి మెట్టు: తెలిసిన చోటనుండి తెలియని చోటికి

ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పిన మొదటి సూత్రము ఇదే. కుటుంబ చరిత్రకు కూడ ఇదే సూత్రము పనికివస్తుంది. అందరికి కనబడేదానితో మొదలుపెట్టి వెనుకకు నడవవలెను.

బోస్టను పట్టణములో మసాచుసెట్స్ రాష్ట్ర భవనము ముందర ఆన్ హచిన్సన్ విగ్రహమున్నది. చేతిలో బైబిలు, ప్రక్కన చిన్న కుమార్తె. శిల్పి సైరస్ డాలిన్. అది 1922లో తయారైనది. దాని క్రింది పలకమీద ఆమె ఇంగ్లండులోని లింకన్‌షైర్, ఆల్ఫర్డ్ ఊరిలో 1595 జూలై 20న బాప్తిస్మము పొందినట్లు చెక్కి ఉన్నది. కాని ఆల్ఫర్డ్ సంఘపు రిజిష్టరు ప్రకారము ఆ తేదీ 1591 జూలై 20. దినము, నెల సరిపోయినవి, సంవత్సరము నాలుగేండ్లు తప్పినది.

దేనిని నమ్మవలెను? చెక్కిన రాయి గొప్పగా కనబడుతుంది, అయినా అది 300 ఏండ్ల తరువాతి సాక్ష్యము. రిజిష్టరులోని మాట ఆ కాలమందే, ఆ ఊరిలోనే వ్రాసినది. అందుచేత రిజిష్టరుకే మొదటి స్థానము. ఎనిమిదవ హెన్రీ కాలములో, 1538లో, థామస్ క్రాంవెల్ ఇచ్చిన ఆజ్ఞవలన ఇంగ్లండులోని ప్రతి సంఘము బాప్తిస్మములను, వివాహములను, భూస్థాపనలను పుస్తకములో వ్రాయవలసివచ్చింది. ఆ ఆజ్ఞ లేకపోతే ఆన్‌వంటి స్త్రీల పేర్లు మనకు దొరికేవే కావు.

రెండవ మెట్టు: వివాహపు రిజిష్టరు అను వంతెన

పురుషుని వెదకుట సులభము, ఇంటి పేరు మారదు. స్త్రీ విషయములో పెండ్లి దగ్గర దారి తెగిపోతుంది. అత్తింటి పేరు తెలుస్తుంది, పుట్టినింటి పేరు తెలియదు. ఆ రెండిటిని కలిపే వంతెన వివాహపు రిజిష్టరు.

ఆన్ వివాహము 1612 ఆగస్టు 9న లండనులోని సెయింట్ మేరీ ఊల్‌నాత్ సంఘములో జరిగింది. వరుడు ఆల్ఫర్డ్‌కు చెందిన బట్టల వర్తకుడు విలియం హచిన్సన్. ఆమె పుట్టినింటి పేరు మార్బరీ. ఇద్దరిదీ ఆల్ఫర్డ్ అయితే పెండ్లి లండనులో ఎందుకు జరిగింది? ఆమె తండ్రి 1605లో లండను సంఘమొకదానికి పాదిరిగా వెళ్లినందున కుటుంబము అక్కడికి మారినది. వలస వెళ్లిన కుటుంబమును ఒక్క ఊరి పుస్తకములోనే వెదకిన యెడల సగము దొరకదు.

పెండ్లి తరువాత దంపతులు ఆల్ఫర్డ్‌కు తిరిగి వచ్చినారు. 15 మంది బిడ్డలు. వారిలో 14 మంది ఇంగ్లండులోను, ఒకరు అమెరికాలోను పుట్టినారు. ఇక్కడొక జాగ్రత్త అవసరము. సుసన్నా అను కుమార్తె 1630లో చనిపోయినది. 1633 నవంబరులో బాప్తిస్మము పొందిన మరియొక బిడ్డకు ఆ పేరే పెట్టినారు. చనిపోయిన బిడ్డ పేరు తరువాతి బిడ్డకు పెట్టుట ఆ కాలపు వాడుక. తొందరపడి చదివితే ఇద్దరు సుసన్నాలు ఒక్కరైపోతారు. మన ఇండ్లలోను తాత పేరు, నాయనమ్మ పేరు మనుమలకు పెట్టుట ఉన్నది గదా. కాబట్టి పేరు కలిసినంత మాత్రాన మనిషి కలిసినట్లు కాదు.

ఈ పుస్తకములను ఓపికగా వెదకినవారిలో జోసెఫ్ లెముయెల్ చెస్టర్ ఒకరు. లండనులో స్థిరపడిన ఈ అమెరికా దేశస్థుడు హచిన్సన్, మార్బరీ, డ్రైడెన్ కుటుంబముల సంబంధమును గూర్చి 1866లో వ్యాసము ప్రకటించారు. 1936లో మెరెడిత్ కోల్కెట్ ఆన్ యొక్క, ఆమె చెల్లెలు కాథరిన్ యొక్క ఇంగ్లండు పూర్వికులను గూర్చి పూర్తి పుస్తకము వ్రాశారు. ఒక స్త్రీ పుట్టినింటి చరిత్ర సరిగా తేలుటకు ఆమె చనిపోయిన తరువాత రెండు వందల ఏండ్లు పైగా పట్టింది.

మూడవ మెట్టు: తండ్రి వీలునామా, తల్లి పుట్టినిల్లు

ఆన్ తండ్రి ఫ్రాన్సిస్ మార్బరీ 1611 ఫిబ్రవరిలో చనిపోయినారు. కొన్ని పుస్తకములలో 1610 అని ఉంటుంది. రెండును తప్పు కాదు. ఆ రోజులలో ఇంగ్లండులో కొత్త సంవత్సరము మార్చి 25న మొదలయ్యేది. 1752లో ఆ పద్ధతి మారింది. కాబట్టి జనవరి, ఫిబ్రవరి తేదీలకు ఒక్క ఏడు తేడా కనబడుతుంది. పాత కాగితములు చూచేవారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

ఆయన వీలునామా చిన్నది, చివరి దినములలో త్వరగా వ్రాసినట్లున్నది. అందులో భార్య పేరున్నది. 12 మంది బిడ్డలకు ఒక్కొక్కరికి 200 మార్కుల సొమ్ము ఉన్నది. అయితే పేరుతో చెప్పినది ఒక్క కుమార్తెనే, మొదటి భార్యకు పుట్టిన సూసన్‌ను. ఆన్ పేరు తన తండ్రి వీలునామాలో లేదు! ఆ ఒక్క కాగితమే చూచినవారు ఈమె ఆయన కుమార్తె కాదేమో అనుకొనగలరు. ఆల్ఫర్డ్ రిజిష్టరు ఆ లోటు తీర్చుతున్నది. ఒక్క కాగితములో పేరు లేకపోవుట మనిషి లేడనుటకు రుజువు కాదు.

ఈ తండ్రి ఎట్టివారు? 1578లో, యౌవనములోనే, లండను బిషపు జాన్ ఐల్మర్ ఎదుట విచారణకు నిలువబడినారు. చదువులేని, బోధింప చేతకాని వారిని పాదిరులుగా నియమించి ఆత్మలను పాడుచేయుచున్నారని బిషపుల ముఖముమీదనే చెప్పినారు. మార్షల్సీ చెరసాలలో పడినారు. ఆ విచారణలో జరిగిన ప్రశ్నోత్తరములను తరువాత జ్ఞాపకమునుబట్టి వ్రాసి ఉంచారు. ఆన్ పుట్టిన కాలములో సైతము బోధింపకూడదని ఆయనమీద నిషేధమున్నది. పని లేక ఇంటనున్న తండ్రి దగ్గర ఈ కుటుంబములోని పిల్లలు పెరిగినారు.

తల్లి బ్రిడ్జెట్ డ్రైడెన్. నార్తాంప్టన్‌షైర్‌లోని కానన్స్ ఆష్బీ ఆమె పుట్టిల్లు. ఆన్‌కు మేనమామయైన ఎరాస్మస్ డ్రైడెన్ మనుమడే ఇంగ్లీషు కవి జాన్ డ్రైడెన్. తండ్రి చనిపోయిన తరువాత తల్లి బెర్కంస్టెడ్ అను ఊరి పాదిరిని మారు వివాహము చేసికొన్నది. ఈ సంగతి తెలిసినందువలననే చెల్లెలు కాథరిన్ పెండ్లి బెర్కంస్టెడ్‌లో 1632 జూన్ 7న ఎందుకు జరిగిందో అర్థమవుతుంది. వితంతువు ఎక్కడికి వెళ్లెనో వెదకండి, చిన్నబిడ్డలు అక్కడ దొరుకుతారు.

నాల్గవ మెట్టు: సంఘపు పట్టీ, కోర్టు కాగితము

తమకు ఇష్టమైన బోధకుడు జాన్ కాటన్ 1633లో అమెరికాకు వెళ్లినారు. పెద్దకుమారుడు ఎడ్వర్డును అదే ఓడలో పంపి, మిగిలిన కుటుంబము 1634లో గ్రిఫిన్ అను ఓడలో బోస్టను చేరింది. బోస్టను సంఘ సభ్యుల పట్టీలో విలియం పేరు అక్టోబరు 26న చేరినది, ఆన్ పేరు నవంబరు 2న చేరినది. ఒక్క వారము తేడా. ఓడలో ఆమె పలికిన కొన్ని మాటలమీద ఒక పాదిరి ఆక్షేపణ తెచ్చినందున ఆమెను ఇంకొంచెము పరీక్షించారు. రెండు తేదీల మధ్యనున్న ఆ ఖాళీలో తరువాత రాబోవు తుఫాను కనబడుతున్నది.

ఆమె మంత్రసాని పని తెలిసినది. ప్రసవపు ఇండ్లలో స్త్రీలతో మాట్లాడుచు వాక్యము చెప్పేది. తరువాత తన ఇంట కూటములు పెట్టినది. మొదట స్త్రీలు, పిమ్మట పురుషులును వచ్చినారు. రక్షణ క్రియలవలన కాదు, కృపవలననే అని గట్టిగా చెప్పి, కాటన్, ఆడపడుచు భర్తయైన జాన్ వీల్‌రైట్ తప్ప మిగిలిన బోధకులు క్రియలనే బోధించుచున్నారని విమర్శించినది. 1637 నవంబరులో గవర్నరు జాన్ వింత్రాప్ ఎదుట విచారణ జరిగినది. వృద్ధ స్త్రీలు యౌవన స్త్రీలకు బోధింపవలెనను తీతు పత్రికను, అపొల్లోకు విశదపరచిన ప్రిస్కిల్లను ఆమె సాక్ష్యముగా తెచ్చినది. దేవుడు తనకు నేరుగా బయలుపరచెనని చెప్పినందున నేరము స్థిరమైనది. ఆ చివరి మాటను మనము అంగీకరింపనక్కరలేదు. వాక్యమే మనకు కొలబద్ద. అయినను ఎదుటివారి మనస్సాక్షిని కోర్టుతో అణచుటను కూడ మనము అంగీకరింపలేము. దేశమునుండి బహిష్కరించారు. 1638 మార్చి 22న సంఘమునుండి వెలివేశారు.

ఆ విచారణ మాటలు మనకు ఎట్లు అందినవి? ఆమె పెద్దకుమారుడు ఎడ్వర్డు. అతని కుమారుడు ఎలీషా. అతని కుమారుడు థామస్. అతని కుమారుడు మరియొక థామస్ హచిన్సన్. ఈ చివరి థామస్, ఆన్‌కు మునిమనుమని కుమారుడు, ఆమెను వెళ్లగొట్టిన మసాచుసెట్స్‌కే తరువాత గవర్నరైనారు. ఆయన ఆ దేశ చరిత్ర వ్రాయుచుండగా 1765 ఆగస్టు 26న పన్నుల అల్లరిలో జనులు ఆయన ఇల్లు ధ్వంసము చేసి కాగితములను వీధిలో పారవేశారు. ఒక పాదిరి వాటిని ఏరి తెచ్చి ఇచ్చినారు. 1767లో అచ్చైన రెండవ సంపుటము చివర ఆయన ఆన్ విచారణను చేర్చినారు. లేనియెడల ఆమె మాటలకు బదులు వింత్రాప్ మొదలగు విరోధుల మాటలే మనకు మిగిలేవి. ఆమెకు ప్రసవములో కలిగిన నష్టమును, ఆమె మరణమును సైతము దేవుని తీర్పు అని వ్రాసినవారు వారు.

ఆ మరణము సంగతి క్లుప్తముగా చెప్పుదును. కుటుంబము రోడ్ ఐలండ్ ప్రాంతమున స్థిరపడినది. భర్త చనిపోయిన తరువాత ఆమె డచ్చివారి పాలనలోని ప్రదేశమునకు, ఇప్పటి న్యూయార్కు పట్టణపు ఉత్తర భాగమునకు, మారినది. డచ్చి గవర్నరు కీఫ్ట్ 1643 ఫిబ్రవరిలో ఆ దేశపు జనులను నిద్రలో చంపించినందున యుద్ధము రేగినది. ఆ పగలో, ఆ సంవత్సరమే, ఆన్‌ను, ఆమెతోనున్న బిడ్డలను చంపినారు. చిన్న సుసన్నా మాత్రము చెరపట్టబడి, కొన్నేండ్లకు తిరిగి వచ్చి, 1651లో బోస్టనులో పెండ్లి చేసికొన్నది. ఆమె సంతతి నేటికిని ఉన్నది.

ఐదవ మెట్టు: చెల్లెలిని మరువవద్దు

వంశావళిలో పెద్దపేరు వెంటనే పోయి ప్రక్కనున్నవారిని విడిచిపెట్టుట అలవాటు. ఆన్ చెల్లెలు కాథరిన్‌ను విడిచిన యెడల బాప్తిస్టులమైన మనము ఒక ముఖ్య సంగతి పోగొట్టుకొంటాము.

కాథరిన్, భర్త రిచర్డ్ స్కాట్ రోజర్ విలియమ్స్ స్థాపించిన ప్రావిడెన్స్‌లో కాపురమున్నారు. వింత్రాప్ తన దినచర్యలో 1639 మొదట వ్రాసినదేమనగా, హచిన్సన్ అమ్మ చెల్లెలు, స్కాట్ అనువాని భార్య, శిశు బాప్తిస్మమును నిరాకరించు మతమునకు తిరిగి ప్రావిడెన్స్ చేరినదనియు, ఆమెవలననే విలియమ్స్ ఆ మతమును బహిరంగముగా ఒప్పుకొనుటకు ధైర్యము తెచ్చుకొన్నాడనియు. ఎజెకియేలు హాలిమన్ విలియమ్స్‌కు బాప్తిస్మమియ్యగా, విలియమ్స్ అతనికిని మరి సుమారు పదిమందికిని ఇచ్చినారు. అమెరికాలో మొదటి బాప్తిస్టు సంఘము అదే. కొందరు దానిని 1638 అని, కొందరు 1639 అని వ్రాయుటకు ఒక కారణము ఇందాక చెప్పిన పాత క్యాలెండరు.

గమనించండి. వ్రాసినవాడు విరోధి, నిందగా వ్రాశాడు, ఆమె సొంత పేరు కూడ వ్రాయలేదు. "ఫలానావాని భార్య, ఫలానా ఆమె చెల్లెలు" అంతే. ఊరియా భార్యవలెనే. ఆల్ఫర్డ్, లండను, బెర్కంస్టెడ్ కాగితములు కలిపితేనే ఆమె కాథరిన్ మార్బరీ అని తేలుతుంది. 1835లో శామ్యూల్ డే గారిని తెలుగువారియొద్దకు పంపిన అమెరికా బాప్తిస్టుల చరిత్ర మొదటి పేజీలో ఈ స్త్రీ ఉన్నది.

తరువాత ఆమె క్వేకరు మతములో చేరినది. 1658లో బోస్టనులో క్వేకరుల చెవులు కోసినందుకు నిరసన చెప్పగా, వయస్సు వచ్చిన ఈ తల్లిని కొరడాతో కొట్టించారు. ఆ సంవత్సరమే క్వేకరులకు మరణశిక్ష విధించు చట్టము వచ్చినప్పుడు, తన అసమ్మతిని వ్రాసికొనుడని కోరిన ఇద్దరు సభ్యులలో ఒకరు ఎడ్వర్డు హచిన్సన్, ఆన్ పెద్దకుమారుడు. పినతల్లి వీపుమీద దెబ్బలు, అక్క కుమారుని అసమ్మతి, తాత 1578లో బిషపు ఎదుట పలికిన మాటలు. వీటిని విడివిడిగా చదివితే మూడు సంగతులు, వంశావళిలో పెట్టి చదివితే ఒకే కుటుంబపు సాక్ష్యము. లోయి, యునీకే, తిమోతి అను వరుస పౌలు ఎందుకు గుర్తుచేసినాడో ఇప్పుడు ఆలోచించండి.

అమెరికా అధ్యక్షులైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు, ఇద్దరు బుష్‌లు ఆన్ సంతతివారే. 1987లో గవర్నరు మైకేల్ డుకాకిస్ ఆమె బహిష్కారమును రద్దు చేశారు. ఇవి గొప్పలే. అయితే మితములేని వంశావళులను గూర్చి పౌలు 1 తిమోతి 1:4లో హెచ్చరించారు. గొప్పవారితో చుట్టరికము కలుపుకొనుటకై వెదకిన యెడల ప్రయోజనము లేదు. విశ్వాసము ఎవరి చేతులమీదుగా మనయొద్దకు వచ్చెనో తెలిసికొనుటకు వెదకవలెను.

మనము చేయవలసినది

తెలుగుదేశము విడిచి తరతరములుగా ఇతర రాష్ట్రములలో స్థిరపడిన మనకు ఈ పని మరింత అవసరము. ఇంగ్లండు సంఘములో శిశువుకు బాప్తిస్మము గనుక రిజిష్టరునుబట్టి పుట్టిన సంవత్సరము తెలుస్తుంది. బాప్తిస్టులమైన మనకు అట్లు కాదు. మన బాప్తిస్మపు రిజిష్టరు ఒకడు ప్రభువును అంగీకరించిన దినము చెప్పుతుంది, పుట్టిన దినము చెప్పదు. కాబట్టి:

1. ఇంటి బైబిలు మొదటి ఆకులమీద వ్రాసిన జనన, వివాహ, మరణ తేదీలను ఒక నోటుబుక్కులో ఉన్నదున్నట్లు ఎత్తి వ్రాయండి. తప్పని తోచినను దిద్దవద్దు, ప్రక్కన మీ అభిప్రాయము వ్రాయండి.

2. సంఘమునుండి సంఘమునకు వచ్చిన బదిలీ పత్రములను పారవేయవద్దు. ఏ ఊరినుండి ఏ సంవత్సరము వచ్చినామో చెప్పేవి అవే.

3. తల్లి, నాయనమ్మ, అమ్మమ్మ, వారి తల్లుల పుట్టినింటి పేరు, ఊరు తప్పక వ్రాయండి. "ఫలానావారి భార్య" అని ముగించవద్దు. ఇంటిలో మొదట ప్రభువును నమ్మినవారు ఎవరో కూడ వ్రాయండి.

4. పెద్దలు చెప్పినదానిని "చెప్పినది" అని, కాగితములో చూచినదానిని "చూచినది" అని వేరువేరుగా గుర్తించండి.

5. సంఘ కార్యదర్శులు పాత రిజిష్టర్లను చెదలు, తేమ తగలకుండ ఉంచి, ఒక నకలు వేరొక చోట భద్రపరచవలెను.

చర్చకు ప్రశ్నలు

1. బోస్టను విగ్రహపు పలకకంటె ఆల్ఫర్డ్ రిజిష్టరును ఎందుకు నమ్మవలెను?

2. ఆన్ పేరు తండ్రి వీలునామాలో లేదు. అయినను ఆమె ఆయన కుమార్తె అని ఎట్లు తేలినది?

3. విరోధి వ్రాసిన కాగితమును ఎంతవరకు ఉపయోగింపవచ్చును? వింత్రాప్ దినచర్యను ఉదాహరణగా తీసికొనండి.

4. మీ ఇంటిలో మొదట విశ్వసించిన స్త్రీ పేరు, ఆమె పుట్టినింటి పేరు చెప్పగలరా? చెప్పలేనియెడల ఎవరిని అడుగవలెను? వారి వయస్సు ఎంత?

నాలుగవ ప్రశ్నకు జవాబు తెలిసినవారు వృద్ధులై ఉందురు. వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన వెంటనే, నోటుబుక్కు పట్టుకొని వారియొద్దకు వెళ్లండి.